తూర్పు లోయలో నేను వేసిన సున్నాలు

డేటాతో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలూ, ఇది మీకోసం రాస్తున్నాను. మొన్న ఒక తెలుగువాళ్ల సభలో నన్ను స్టేజీ ఎక్కించి, "మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ అచీవ్‌మెంట్ ఏంటి మేడమ్?" అని అడిగారు. అచీవ్‌మెంట్ సంగతి పక్కన పెట్టి, నేను చేసిన అతి పెద్ద తప్పు గురించి చెబుతానన్నాను. అడిగినమ్మాయి వాచీ చూసుకుని, "టైమ్ లేదు మేడమ్, కొంచెం షార్ట్‌గా..." అంది. షార్ట్‌గా తేల్చేద్దామనుకోబట్టే ఆ తప్పు జరిగింది. నమస్కారం పెట్టి స్టేజీ దిగిపోయాను. ఇక్కడ నన్ను వాచీ చూసి ఆపేవాళ్లు లేరు కాబట్టి మొత్తం చెబుతాను.

నాది విజయనగరం వైపు. స్టాటిస్టిక్స్ చదివి, అక్కడ ప్రభుత్వ గణాంకాల ఆఫీసులో ఏడేళ్లు పంట దిగుబడుల లెక్కలు రాశాను. పెళ్లయి అరిజోనా వచ్చాక పదేళ్లు ఇంట్లో ఉండి, తర్వాత మళ్లీ చదివి, పౌరసత్వం వచ్చాక ఒక చిన్న పరిశోధన సంస్థలో చేరాను. రెండువేల ఒకటి తర్వాత ఈ దేశంలో సరిహద్దు అన్న మాటకి బరువు బాగా పెరిగింది. కొన్నేళ్లకి మా రాష్ట్రం దక్షిణపు అంచుకి సైనికుల్ని పంపాలని నిర్ణయించారు. సైనికులు వచ్చాక దొంగదారిన సరిహద్దు దాటేవాళ్లు తగ్గారా, తగ్గితే ఎంత తగ్గారు అని లెక్క తేల్చే పని మా సంస్థకి వచ్చింది. లెక్క బాధ్యత నాది.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఆ సైనికులు ఎవరినీ పట్టుకోరు. పట్టుకునేది సరిహద్దు గస్తీవాళ్లు. సైనికులు కొండల మీద కూర్చుని దుర్భిణీల్లో చూసి కబురు చెబుతారు, కంచె కడతారు, రోడ్లు వేస్తారు. మాకు అప్పగించిన భాగంలో రెండు లోయలున్నాయి. పడమటి లోయలో సైనికులు కొండ మీద అందరికీ కనబడేలా ఉండేవారు. తూర్పు లోయలో ఇంజనీర్ల దళం ఒకటి, సరిహద్దు పక్కనే ఉన్న పాత మట్టి రోడ్డుని వెడల్పు చేస్తోంది.

దొరికినవాళ్లని లెక్కపెట్టడం తేలిక. దొరకనివాళ్లని ఎలా లెక్కపెడతారు? దానికి గస్తీవాళ్ల దగ్గర చాలా పాత పద్ధతి ఒకటుంది. సాయంత్రం పూట ఒక బండి వెనక పాత టైర్లు గొలుసులతో కట్టి, మట్టి రోడ్డు పొడవునా ఈడుస్తారు. రోడ్డు ఊడ్చి కళ్లాపి చల్లిన వాకిలిలాగా తయారవుతుంది. దాని మీద పిల్లి నడిచినా తెలుస్తుంది. తెల్లవారాక ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఒక మనిషి బండిలో నెమ్మదిగా వెళుతూ ఆ అడుగులు చదువుతాడు. ఏ మైలు దగ్గర ఎంతమంది దాటారో కాగితం మీద పెన్సిల్‌తో రాస్తాడు.

పడమటి లోయకి వేరే మనిషి ఉండేవాడు; తూర్పు లోయలో ఆ చదివే మనిషి ఒక పెద్దాయన. తాతల కాలంలో మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం. రిటైర్మెంటుకి ఏడాది ఉంది. దాటేవాళ్లు చెప్పుల కింద తివాచీ ముక్కలు కట్టుకుని నడిచినా ఆయన పట్టేసేవాడు. ఎవరి భుజాన బరువుందో, ఎవరు కుంటుతున్నారో కూడా చెప్పేవాడు. మా సంస్థలో కొందరు ఆయన్ని జ్యోతిష్కుడని వెక్కిరించేవారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు?

రెండు లోయల కాగితాలూ వారానికోసారి స్కానై మా ఆఫీసుకి వచ్చేవి. ఇద్దరమ్మాయిలు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు. మొదటి నెలలోనే ఒకమ్మాయి వచ్చి అడిగింది. "కొన్ని గళ్లలో అంకె లేదు, అడ్డంగా గీత ఉంది. ఏం కొట్టమంటారు? గీత కొడితే మీ ప్రోగ్రామ్ ఆగిపోతోంది."

"ఏమీ లేదనేగా. సున్నా కొట్టు," అన్నాను. తల కూడా ఎత్తలేదు.

ఆ రోజుల్లో గీతలు నెలకి ఒకటో రెండో ఉండేవి, వాన పడిన రోజుల్లో. తర్వాత సైనికులు వచ్చారు. నాలుగు నెలలు గడిచాయి. తూర్పు లోయ అంకెలు గబగబా పడిపోయాయి. వరసగా సున్నాలు. పడమటి లోయలోనూ కొంత తగ్గింది కానీ తూర్పు లోయలో తగ్గినదాని ముందు అది ఏ మూలకీ రాదు. రెండూ కలిపితే సగానికి సగం తగ్గారని తేలింది. నేను బొమ్మ గీశాను. సైనికులు రాకముందు ఎత్తైన కడ్డీ, వచ్చాక పొట్టి కడ్డీ. మా డైరెక్టర్ ఆ బొమ్మ చూసి, "ఇది చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది," అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడే నేను అనుమానపడాల్సింది.

రిపోర్టు వెళ్లిన వారానికి టీవీలో చెప్పేశారు. ఆ శనివారం ఫీనిక్స్ దగ్గర ఒక స్నేహితుల ఇంట్లో భోజనాలు. గ్రీన్ కార్డు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు పులిహోర ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. నేను ఏం ఉద్యోగం చేస్తానో అతనికి తెలియదు.

"ఆంటీ, న్యూస్ చూసిన్రా? బార్డర్‌ల ఆర్మీని పెట్టినంక హాఫ్‌కి హాఫ్ తగ్గిన్రంట. మనం ఈడ లైన్‌ల నిలబడి ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేస్తుంటే, ఆళ్లు దర్జాగా నడుసుకుంటొస్తరు. మంచిగైంది," అన్నాడు.

నేను గీసిన కడ్డీ టీవీలోకెక్కి, తిరిగి పులిహోర ప్లేటు దగ్గరికి వచ్చిందన్నమాట. గర్వంగానే అనిపించింది. ఇంటికి వస్తూ కారులో మా ఆయనకి రెండుసార్లు చెప్పాను.

మూడో రోజున ఫోను వచ్చింది. తూర్పు లోయలో రక్షక బండి ఒకటి ఉండేది. అందులో నలుగురు, మంచం, సెలైన్, నీళ్ల పీపాలు. ఎడారిలో దప్పికకి పడిపోయినవాళ్లని వెతికి తెచ్చే పని వాళ్లది. దాని నాయకురాలు వెనకటికి ఆసుపత్రి నర్సు. నేను మనసులో నర్సమ్మ అనుకునేదాన్ని. ఆవిడ పలకరింపులు లేకుండా మొదలుపెట్టింది. ఇంగ్లీషులో అన్నదాన్ని నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

"తూర్పు లోయలో మనుషులు దాటడం లేదని రాసింది నువ్వేనా?"

"నేనే."

"నీ రిపోర్టు చూసి జూన్ ఒకటి నుంచి నా బండిని పడమటి లోయకి మార్చేస్తున్నారు. ఈ నెలాఖరు మీటింగులో సంతకాలు. పడమటి నుంచి తూర్పుకి రావాలంటే కొండ చుట్టి రెండున్నర గంటలు పడుతుంది. జూన్ ఎండలో పడిపోయిన మనిషి రెండున్నర గంటలు ఆగడు."

"మరి అక్కడ ఎవరూ లేనప్పుడు..." అన్నాను.

"ఎవరూ లేకపోతే పోయిన వారం నేను సెలైన్ ఎక్కించింది ఎవరికి? ఎప్పుడైనా ఆ రోడ్డు మొహం చూశావా?"

చూడలేదు. మా ఆఫీసు నుంచి ఆ రోడ్డు రెండు గంటల దూరం. ఏడాదిగా ఆ రోడ్డు గురించి రాస్తున్నాను, ఒక్కసారీ వెళ్లలేదు. విజయనగరంలో పనిచేసే రోజుల్లో పంట కోత లెక్క చేలో దిగకుండా ఇంటి అరుగు మీద కూర్చుని రాసేసిన ఒక ఉద్యోగిని నేను నలుగురి ముందు నిలబెట్టి కడిగేశాను. ఆ మనిషి ముఖం గుర్తొచ్చింది. చెప్పేటందుకే నీతులు అంటారు, ఊరికే అన్నారా?

ఆ గురువారం చీకటితో బయల్దేరి, పెద్దాయన బండి దగ్గరికి తెల్లవారే సరికి చేరాను. ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. మా సంస్థ నుంచి ఆయన దగ్గరికి వెళ్లిన మొదటి మనిషిని నేనేనట. తూర్పు లోయ రోడ్డెక్కాం. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి నెమ్మదిగా నడుపుతున్నాడు. మూడో మైలు దాకా రోడ్డు మెత్తగా ఉంది. నాలుగో మైలు దగ్గర బండి ఆపి, దిగి, నన్నూ దిగమన్నాడు.

ముందంతా తడి. నీళ్లు చల్లిన వాసన. కాస్త దూరంలో పసుపు రంగు యంత్రం ఒకటి వెడల్పాటి పలకతో రోడ్డుని చెక్కుతూ వెళుతోంది. దాని వెనకే నీళ్ల లారీ. ఇద్దరు సైనికులు మాకు చెయ్యూపారు. రోడ్డు అద్దంలా ఉంది. రాత్రి ఏనుగు నడిచి వెళ్లినా ఆనవాలు మిగలదు.

"రోజూ ఇంతేనా?" అని అడిగాను.

"ఆదివారం తప్ప. ఎండ ముదరక ముందే పని చేసుకుంటారు పాపం. నేను వచ్చేసరికి చదవడానికి ఏమీ మిగలదు."

"మరి కాగితంలో ఏం రాస్తారు?"

ఆయన అట్టకి తగిలించిన కాగితం చూపించాడు. నిన్నటి వరసలో నాలుగో మైలు నుంచి పదకొండో మైలు దాకా ఒక్కొక్క గడిలో ఒక్కొక్క గీత పెట్టాడు. పైన, కాగితం మూల, నేను ఎన్నడూ చదవని చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంది. గీత అంటే రోడ్డు చదవడానికి వీల్లేదు అని. సున్నా అంటే చదివాను, ఎవరూ దాటలేదు అని.

"నువ్వు దీన్ని ఏమనుకున్నావు?" అన్నాడు.

నా మొహం చూసి ఆయనకి అర్థమైంది. ముప్ఫయ్యేళ్లుగా మట్టిలో అడుగులు చదివిన మనిషికి ఒక మొహం చదవడం ఎంతసేపు? కోప్పడతాడేమో అనుకున్నాను. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చాడు. అది మరీ కష్టంగా అనిపించింది.

మధ్యాహ్నానికి ఆఫీసు చేరి నాలుగు నెలల కాగితాలూ బల్ల మీద పరిచాను. సున్నాలన్నీ నావి. ఆయనవి గీతలు. ఆదివారాలు మాత్రం విడిగా తీసి చూస్తే, ఎవరి మీదా పెట్టడానికి లేకుండా నా తెలివితక్కువతనం బయటపడింది. యంత్రాలకి సెలవు రోజైన ఆదివారం నాడు తూర్పు లోయలో దాటినవాళ్లు మునుపటంతమందీ ఉన్నారు, కొన్ని వారాల్లో ఇంకాస్త ఎక్కువే ఉన్నారు. వారంలో రోజుల వారీగా ఒక్క బొమ్మ గీసి ఉంటే సైనికులు వచ్చిన మొదటి నెలలోనే కనబడేది. అది మీరిప్పుడు ఇంటర్న్‌షిప్‌లో మొదటి వారం చేసే పని.

ఏడుపొచ్చింది. తప్పు చేసినందుకు కాదు, తప్పులు అందరం చేస్తాం. ఆ నాలుగు నెలల్లో ఆ రోడ్డు దాటి లోపలికి నడిచినవాళ్లు ఎవరో, ఎటు పోయారో, ఇక ఎవరూ చెప్పలేరు. నేను వాళ్లని లేరని రాశాను. బాత్రూమ్‌కి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి, ఒక కాగితం మీద మూడు పనులు రాసుకున్నాను. రుజువు సంపాదించాలి. డైరెక్టర్‌కి చెప్పాలి. బండి కదలకుండా చూడాలి.

రుజువు సైనికుల దగ్గరే ఉంది. యంత్రాలు ఏ రోజు ఎన్ని గంటలకి మొదలైందీ వాళ్లు పుస్తకంలో రాసుకుంటారు. ఇంజనీర్ల దళం కెప్టెన్‌ని కలిశాను. మామూలు రోజుల్లో వేరే రాష్ట్రంలో వంతెనలు కట్టే ఇంజనీరు. సైన్యం పిలిస్తే యూనిఫారం వేసుకుని వస్తాడు. నేను చెప్పింది విని మొహం గంటు పెట్టుకున్నాడు.

"అంటే తప్పు మా మీద పెడుతున్నారా? అడుగులు చెరపొద్దని మాకు ఎవరైనా చెప్పారా?"

"లేదు. తప్పు నాది. మీ పుస్తకం ఉంటే నా తప్పు నిరూపించుకోగలను."

"తన తప్పు నిరూపించుకోవడానికి నా సాయం అడిగినవాళ్లు ఇంతవరకు లేరు," అన్నాడు. మర్నాడు ఆ పుస్తకం కాపీ పంపించాడు. యంత్రం తిరిగిన ప్రతి రోజూ, తిరిగిన ప్రతి మైలుకీ, పెద్దాయన కాగితంలో గీత ఉంది. ఒకటి రెండు చోట్ల తప్ప తేడా లేదు.

డైరెక్టర్ చెడ్డవాడు కాదు. నన్ను పదేళ్ల ఖాళీ తర్వాత ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయనే. కాగితాలన్నీ చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు చెప్పింది నిజమే. మార్చాల్సిందే. మీటింగు అయిపోనీ. తర్వాతి రిపోర్టులో సవరణ వేద్దాం."

"తర్వాతి రిపోర్టు సెప్టెంబర్‌లో. బండి జూన్‌లో వెళ్లిపోతుంది."

"బండి మన విషయం కాదు. మనది లెక్క."

"బండి వెళుతున్నది ఆ లెక్క వల్లే కదండీ."

"వాషింగ్టన్ నుంచి మనిషి వస్తున్నాడు. ఆయన ముందు మన లెక్క తప్పని మనమే చెబితే, ఇక మనకి పని ఎవరిస్తారు? ఇక్కడ పదిహేనుమంది ఉన్నారు, వాళ్ల సంగతి కూడా ఆలోచించు."

ఆ మాట నన్ను తాకింది. ఆ పదిహేనుమందిలో గీతకి ఏం కొట్టమంటారని అడిగినమ్మాయి కూడా ఉంది. అయినా సరే, నాకు మరో దారి కనబడలేదు. "మీటింగులో మాట్లాడాల్సింది నేను. చెబితే నిజం చెబుతాను. వద్దంటే ఇవాళే నా పేరు రిపోర్టు మీంచి తీసేయండి, ఎందుకు తీసేశారో అడిగినవాళ్లకి నేనే చెప్పుకుంటాను," అన్నాను. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "చెప్పు," అన్నాడు. ఇంటికి వెళ్లి మా ఆయనకి చెబితే, "ఉద్యోగం పోతుందేమోనే," అన్నారు. "పోతే పోతుంది, మీ ఉద్యోగం ఉందిగా," అన్నాను. "ఏం, నాదీ ఊడగొడతావా?" అని నవ్వి, మీటింగు రోజు పొద్దున్న ఉప్మా ఆయనే చేశారు.

మీటింగు గదిలో ఏసీ మరీ ఎక్కువ. చీర మీద స్వెట్టర్ వేసుకుని కూర్చున్నాను. బల్ల చుట్టూ గస్తీ విభాగం చీఫ్, వాషింగ్టన్ మనిషి, కెప్టెన్, నర్సమ్మ, మా డైరెక్టర్. గోడవార పెద్దాయన. చీఫ్ ముందున్న కాగితాల్లో బండి మార్చే ఉత్తర్వు ఉంది, పక్కనే పెన్ను.

లేచి రెండు కడ్డీల బొమ్మ వేశాను. "ఇందులో రెండో కడ్డీ తప్పు," అన్నాను. తర్వాత నాలుగు మాటల్లో జరిగింది చెప్పాను. పెద్దాయన గీతలు, నా సున్నాలు, కెప్టెన్ పుస్తకం, ఆదివారాలు.

చీఫ్ అడిగాడు.

"అయితే సరైన అంకె ఎంత?"

"తెలియదు."

"తెలియదా?"

"తూర్పు లోయలో ఎక్కువ భాగం వారానికి ఒక్క ఆదివారమే చదవగలిగారు. దాంతో అంకె చెప్పలేను. పడమటి లోయలో సైనికులు కనబడుతున్న చోట దాటేవాళ్లు తగ్గారు, అది నిజం. వాళ్లు ఇంటికి తిరిగి వెళ్లిపోయారా, తూర్పు లోయకి మారారా అన్నది ఇప్పుడు నాకు తెలియదు. తూర్పు లోయలో మనుషులు దాటుతున్నారు. అంతవరకు ప్రమాణం చేసి చెప్పగలను."

"ఏడాది పాటు మీరంతా పనిచేసింది తెలియదని చెప్పడానికా?" అని చీఫ్ గొంతు పెంచాడు. వాషింగ్టన్ మనిషి, "సైనికుల వల్ల తగ్గిందని మా పైవాళ్లు ఇప్పటికే చెప్పేశారు," అన్నాడు, ఆ తప్పు కూడా నేనే సర్దాలన్నట్టు. నాకు ఒళ్లు మండింది.

"వాళ్లు చెప్పేశారని ఆ లోయలో మనుషులు నడవడం మానరు. నా అంకె చూసి మీరు ఈ బండిని కదిపితే, వేసవిలో అక్కడ పోయే ప్రాణానికి నాదీ బాధ్యతే. అందుకే నా అంకె వెనక్కి తీసుకుంటున్నాను. లెక్క లేకుండా కదుపుతామంటే మీ ఇష్టం. నా లెక్క చూపించి మాత్రం కదపడానికి వీల్లేదు," అన్నాను. ఇంగ్లీషులో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో ఒకటి రెండు వాక్యాలు తెలుగులోకి జారిపోయాయని తర్వాత పెద్దాయన చెప్పాడు. ఆయనకి అవి కూడా అర్థమయ్యాయట.

అప్పుడు కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. సైన్యానికి మంచి పేరు తెచ్చిన అంకెని ఆయన వెనకేసుకొస్తాడనే అనుకున్నాను.

"మా యంత్రాలు చెరిపిన అడుగులకి మాకు మెచ్చుకోలు అక్కర్లేదు," అన్నాడు. "రేపటి నుంచి రోడ్డు చదవడం అయిందని రేడియోలో కబురు వచ్చేదాకా యంత్రం ముట్టుకోం."

"మీవాళ్లు ఎండలో చెయ్యాల్సి వస్తుంది," అన్నాడు పెద్దాయన గోడ దగ్గర్నుంచి.

"గంటన్నర ఎక్కువ ఎండ. తట్టుకుంటారు."

చీఫ్ పెన్ను తీశాడు, మూత పెట్టాడు. మళ్లీ లెక్క తేలేదాకా, అంటే వేసవి అంతా, బండి తూర్పు లోయలోనే ఉండాలన్నాడు. నర్సమ్మ వెళుతూ వెళుతూ నా స్వెట్టర్ మడత సరిచేసి వెళ్లింది.

మా సంస్థ మూతపడలేదు. నన్ను మాత్రం లెక్క బాధ్యత నుంచి తప్పించి, మరొకాయన కింద వేశారు. ఒక్క షరతు పెట్టుకున్నాను, నెలకి రెండు తెల్లవారుజాములు ఆ రోడ్డు మీద ఉంటానని. జీతం పెంచమంటానేమోనని భయపడ్డ డైరెక్టర్ ఊపిరి పీల్చుకుని ఒప్పుకున్నాడు.

టీవీ మాత్రం సవరించుకోలేదు. జూన్‌లో మరో ఇంట్లో భోజనాల దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ కుర్రాడే మళ్లీ అదే సగం లెక్క చెబుతున్నాడు. ఈసారి ఊరుకోలేదు.

"బాబూ, ఆ సగం అన్నది నేనే. అది తప్పు. వెనక్కి తీసుకున్నాం."

"అవునా ఆంటీ!" అని ఒక్క క్షణం ఆగి, "పర్వాలే తీయుండ్రి, నంబర్ తప్పైనా డైరెక్షన్ కరెక్టే కదా," అన్నాడు. పెరుగన్నం గిన్నె అతని చేతుల్లో పెట్టి లేచి వెళ్లిపోయాను. అంకెకి కాళ్లు వస్తే ఇక దాన్ని వెనక్కి పిలవడం కన్నతల్లి వల్ల కూడా కాదు.

జూలైలో నా వంతు తెల్లవారుజామున పెద్దాయన పక్కన కూర్చున్నాను. అప్పటికే గాలి వేడిగా ఉంది. దూరంగా పసుపు యంత్రం ఆగి ఉంది, నీడన సైనికులు నీళ్లు తాగుతూ రేడియో కబురు కోసం చూస్తున్నారు. ఏడో మైలు దగ్గర ఆయన బండి ఆపాడు. దిగి, రోడ్డు అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇద్దరు," అన్నాడు. "ఒకరు ఆడమనిషి, చిన్న పాదాలు. దాటి రెండు గంటలు కూడా కాలేదు. ఈ రెండో మనిషిని చూడు, కాలు ఎత్తడం లేదు, ఈడుస్తున్నాడు. ఇక్కడ కూర్చున్నారు. ఇదిగో."

ఒక ప్లాస్టిక్ డబ్బా. మూత లేదు, లోపల చుక్క లేదు.

ఆయన రేడియోలో రెండు మాటలు చెప్పాడు. మొదటిది కెప్టెన్‌కి, యంత్రం కదపొద్దని. రెండోది నర్సమ్మకి, మైలు అంకె. ఇరవై నిమిషాల్లో ఆమె బండి మా వెనక ఆగింది. అడుగులు రోడ్డు దిగి ఒక వాగు ఇసుకలోకి వెళ్లాయి. ముందు ఆ ఆడమనిషి దొరికింది, ముళ్ల చెట్టు కింద, కళ్లు తెరిచే ఉన్నాయి. చేత్తో వాగు వైపు చూపించింది. అక్కణ్ణించి ఒంటరి అడుగులు, ఒక కాలు గీసుకుంటూ, వంకర టింకరగా సాగాయి. పెద్దాయన తల ఎత్తకుండా వాటి వెంట దాదాపు పరిగెత్తాడు. ఆ వయసులో ఆయన పరిగెత్తగలడని నేను అనుకోలేదు. ఆమె భర్త ఒక బండ వెనక బోర్లా పడి ఉన్నాడు. నర్సమ్మ మెడ మీద వేళ్లు పెట్టి చూసి, "ఉన్నాడు," అంది.

ఇద్దర్నీ బండి నీడలోకి చేర్చేసరికి సూర్యుడు పైకెక్కాడు. అతని చేతికి సెలైన్ పెట్టారు. స్పృహ రావడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ నన్ను చూసి, నా ఒంటి రంగు చూసి కాబోలు, స్పానిష్‌లో ఏదో గబగబా అడిగింది. నాకు భాష రాదు. పెద్దాయన చెప్పాడు, భర్త బతుకుతాడా అని అడుగుతోందట. బతుకుతాడని చెప్పమన్నాను. కోలుకున్నాక వాళ్లని వచ్చిన చోటికే పంపించేస్తారు, ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆ పూట ఆవిడ అడిగింది ఒక్కటే, దానికి నా దగ్గర జవాబుంది.

పెద్దాయన వెళ్లి బండిలోంచి అట్ట తెచ్చి, పెన్సిల్‌తో సహా నా చేతికిచ్చాడు. "ఈ పూట నువ్వు రాయి," అన్నాడు.

ఏడో మైలు గడిలో రెండు అని రాశాను. తల ఎత్తి చూశాను. అతను లేచి కూర్చున్నాడు, ఆవిడ సీసా అతని నోటికి ఆనించి పట్టుకుంది, ఒక గుటక అతనికి, ఒక గుటక తనకి. నా ఉద్యోగం మొత్తంలో ఎన్ని లక్షల అంకెలు రాశానో నాకే తెలియదు. నీళ్లు తాగుతుండగా కళ్లారా చూసిన అంకె మాత్రం అదొక్కటే.